మహారాజశ్రీ అరగది గారి సముఖమునకు

తెల్లాపూర్, హైదరాబాదు.

మహారాజశ్రీ రెండున్నర బీహెచ్‌కేలో రెండు పడకగదులూ హాలూ వంటిల్లూ పోగా మిగిలిన అరగది గారికి, హాలుకూ వంటింటికీ మధ్య కాపురముంటున్న ఈ ఇంటి ఇల్లాలు వ్రాసుకొను విన్నపము.

ఇక్కడ మేమందరమూ క్షేమం. తమరి క్షేమం ప్రత్యేకంగా విచారించనక్కరలేదు. నెలనెలా మా ఖాతాలోంచి వాయిదా కోసుకుంటూ బ్యాంకువారు తమరి ఉనికిని ధ్రువీకరిస్తూనే ఉన్నారు.

తమరు ఎలా అవతరించారో తమరికి తెలియకపోవచ్చు. 2020 మార్చికి ముందు ఈ నగరంలో ఫ్లాటు చూడబోయినవాళ్ళు ముఖద్వారం తూర్పుకుందా, వంటగది ఆగ్నేయంలో ఉందా, హాల్లో పెద్ద సోఫా పడుతుందా అని అడిగేవారే గాని, ఇంట్లో మూసుకోవడానికి తలుపులెన్ని ఉన్నాయని ఎవరూ అడిగేవారు కాదు. హాలూ వంటిల్లూ కలిసిపోయి విశాలంగా కనబడటమే గొప్ప. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరన్న నమ్మకం మీద ఆ ప్లాన్లు గీసేవారు. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయ్యేసరికి ఆ ఇళ్ళలోనే అందరమూ పొద్దస్తమానమూ ఉండవలసి వచ్చింది.

అప్పట్లో మేము మల్కాజిగిరిలో రెండు పడకగదుల అద్దె వాటాలో ఉండేవాళ్ళం. భోజనాల బల్లకు ఒక కొసన మావారి ఆఫీసు, రెండో కొసన మా అమ్మాయి ఆన్‌లైన్ తరగతి నడిచేవి. ఒక గదిలో అబ్బాయి లెక్కల పాఠం. బాత్‌రూమ్ ఉన్న రెండో గదిలో, రెండుసార్లు దగ్గిన నేరానికి ఏకాంతవాసం అనుభవిస్తున్న మా మామయ్యగారు. నా వాటాకు యుటిలిటీలోని, అంటే వంటింటి పక్కన బట్టలుతికే జాగాలోని, వాషింగ్ మెషీన్ వచ్చింది. దాని మూత మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉద్యోగుల జీతాల లెక్కలు చూసేదాన్ని. ఒకనాడు మీటింగు మధ్యలో మెషీన్ స్పిన్‌లోకి వెళ్ళింది. తెర మీద నేను నిలువెల్లా వణుకుతూ కనబడేసరికి మా మేనేజరుగారు జాలిపడి, "భయపడకండమ్మా, ఇదీ ఒకనాటికి తగ్గిపోతుంది" అని ధైర్యం చెప్పారు.

కాబట్టి ఆ రోజుల్లో మా కుటుంబం కోరుకున్నది భవనాలూ కాదు, క్లబ్‌హౌసూ కాదు. వేసుకుంటే అవతలి కుక్కరు కూత ఇవతలికి వినబడని తలుపొకటి, దాని వెనక ఒక కిటికీ, ఒక బల్ల. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఇదే మాట. ఆ మాట బిల్డర్ల చెవిన పడింది. గుమ్మం పక్కన చేతులు కడుక్కునే బేసిన్ పెట్టి దానికి ఒక ఇంగ్లీషు పేరు తగిలించారు; బయటినుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలని మా అమ్మమ్మ ఉచితంగా అరిచేది. బాల్కనీని నాలుగడుగులు సాగదీసి డెక్ అన్నారు. ఇక ఇంట్లోంచి పనిచేసేవారి కోసమని తమరిని సృష్టించారు.

బ్రోచరులో తమరి బొమ్మ ఈనాటికీ నా కళ్ళలో మెదులుతూనే ఉంది. పొడవాటి బల్ల, తోలు కుర్చీ, పుస్తకాల అర, మూలన మొక్క, వెనక పెద్ద కిటికీలోంచి పడుతున్న లేత ఎండ. కింద "హోమ్ ఆఫీస్" అని బంగారు అక్షరాలు. తాళాలు తీసుకున్నాక అనుమతి పొందిన ప్లానును భూతద్దంతో వెతికితే, తమరి స్థానంలో "స్టోరు" అని ఉంది. తప్పు ప్లానుది కాదు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం, చదువుకునే గదితో సహా మనుషులు మసలే గది ఇంట్లో ఒకటే ఉంటే 9.5 చదరపు మీటర్లకూ, రెండుంటే రెండోది 7.5 చదరపు మీటర్లకూ తగ్గకూడదు. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు గల తమరు నాలుగు చదరపు మీటర్లు కూడా నిండరు. సామాను గదికి మూడు చదరపు మీటర్లు చాలంటుంది కాబట్టి, బియ్యం బస్తాల దృష్టిలో మాత్రం తమరు విశాలమైన భవనమే.

అడుగుల లెక్క ఇలా ఉంటే రూపాయల లెక్కలో తమరెక్కడా అర కారు. 42 చదరపు అడుగుల తమరిని, లిఫ్టూ మెట్లూ వరండాల వాటా కలిపి 60 చేసి, అడుగు 8,000 చొప్పున 4,80,000 రూపాయలకు మాకు అప్పగించారు. ఇళ్ళ అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం కార్పెట్ ఏరియా, అంటే ఇంట్లో వాడుకునే జాగా, ఏమిటో నిర్వచించి, అందులో బాల్కనీని కలపరాదన్నది. లోపలి గోడల మందాన్ని మాత్రం కలపమన్నది. అంటే హాలును కోసి తమరిని పుట్టించిన గోడ ఆక్రమించిన జాగాకు కూడా మేము గది ధరే కట్టామన్నమాట. కోకాపేటలో 2023 ఆగస్టులో ఎకరం వందకోట్లు దాటి పలికిన నగరంలో గోడకైనా ఆ మాత్రం గౌరవం ఉండాలి గాబోలు. ఎఫ్‌ఎస్‌ఐ (స్థలాన్ని బట్టి ఇంతే కట్టాలనే) పరిమితి లేకుండా అంతస్తులు ఆకాశంలోకి పోతున్న ఊళ్ళో తమరు మాత్రం కుర్చీ వెనక్కి జరిపే వీలులేకుండా ఎందుకు కుంచించుకున్నారో సెలవియ్యగలరు.

ఇక కిటికీ. తమరికి కిటికీ ఉందని బిల్డరు వాదన. అది డక్టులోకి, అంటే గొట్టాల కోసం వదిలిన ఇరుకు సందులోకి, తెరుచుకుంటుంది. డక్టులో పై అంతస్తుల బాత్‌రూమ్ గొట్టాలు దిగుతాయి. కోవిడ్ కాలంలో గాలి ఆడటమే ప్రాణాధారమని అందరికీ తెలిసివచ్చింది; ఇళ్ళలో మనిషికి సెకనుకు పది లీటర్ల చొప్పున బయటి గాలి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్చిలోనే సూచించింది. ఆ భయంలోంచి పుట్టిన తమరికి గాలి రాదు, నీళ్ళ చప్పుడు మాత్రం వస్తుంది. నేను మైకు తెరిచినప్పుడల్లా పైవారెవరో ఫ్లష్ నొక్కుతారు. బెంగుళూరులోని సహోద్యోగి ఒకరు, "హైదరాబాదులో మళ్ళీ వానా అండీ?" అని అడుగుతుంటే, అవునండీ, భారీగా, అని చెబుతూ వస్తున్నాను. తలుపు వేస్తే ఊపిరాడదు, తీస్తే అత్తయ్యగారి సీరియల్ వినబడుతుంది. అసలు తమరిని కొన్నదే తలుపు కోసం.

తమరు గృహప్రవేశంనాడు మావారి ఆఫీసుగా ప్రకటింపబడ్డారు. ఆయన ఉద్యోగం పెద్దది కనుక అన్నారు. నా జీతం కూడా వాయిదాలోకే పోతుందని అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు, నేనూ గుర్తు చేయలేదు. తరువాత ఆయన కంపెనీ వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మన్నది. ఆ మూడు రోజులూ గది నాకు దక్కుతుందనుకునేలోగా అత్తయ్యగారు దేవుడుండవలసింది ఈశాన్యంలోనేనని మందిరాన్ని అక్కడ దించారు. దాని వెనుక ఆవకాయ జాడీలు, అబ్బాయి కొనిపించుకుని ఎక్కడం మానేసిన వ్యాయామం సైకిలు, ఇస్త్రీ బల్ల, దసరాకు తప్ప తీయని బొమ్మల పెట్టె ప్రవేశించాయి. ఎవరింటికి వెళ్ళినా ఇంతే; ఒకరింట్లో తమరి సోదరుడు పనిమనిషి విశ్రాంతి గది, ఇంకొకరింట్లో చెప్పుల గది. ఇద్దరు ఉద్యోగులూ ఇద్దరు విద్యార్థులూ ఒక దేవుడూ కలిసి అనుభవిస్తున్న 42 చదరపు అడుగులను హోమ్ ఆఫీసంటే ఆఫీసువారే ఒప్పుకోరు.

ఇంతకూ ఈ లేఖకు అసలు కారణం వేరు. మావారు ఇల్లు అమ్మి మరింత దూరంగా కొల్లూరు వైపు పెద్దది చూద్దామంటున్నారు. నిన్న బ్రోకరుగారు వచ్చి తమరిని చూశారు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి కాసేపు ఆలోచించి, "సింగిల్ మంచం ఒకటి దూర్చి ఫోటో తీయించండి మేడమ్, ప్రకటనలో త్రీ బీహెచ్‌కే అని వేద్దాం" అన్నారు. మంచం పట్టాలంటే తలుపు ఊడదీయాలట.

కావున తమరిని కోరేది ఏమనగా, వచ్చే ఆదివారం కొనేవారు చూడటానికి వచ్చినప్పుడు ఒక గంటసేపు బ్రోచరులోలాగా కనబడవలసింది. పైవాళ్ళను ఫ్లష్ నొక్కవద్దని నేను విడిగా బతిమాలుకుంటాను.

ఇట్లు,
తమరి యజమానురాలు,
ప్రస్తుతం మళ్ళీ వాషింగ్ మెషీన్ దగ్గరినుంచి.

తా.క.: కిరాణావాడు 25 కిలోల సోనామసూరి బస్తా తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సైకిలును కొంచెం దేవుడి వైపు జరుపుకోగలరు.