తూకానికి పోతున్న తీర్మానాలు

పొదుపు సంఘాల లెక్కలు ఫోన్లలోకీ ట్యాబుల్లోకీ ఎక్కుతున్నాయి. మంచిదే. పద్దుల్లో తేడా ఉంటే ఇట్టే తెలిసిపోతుంది, బ్యాంకు చుట్టూ తిరిగే పనీ కొంత తగ్గుతుంది. కానీ ఆ వెంటే పాత రిజిస్టర్లను వదిలించుకునే తొందర కూడా మొదలైంది. గ్రామైక్య సంఘం గదిలోనో, ఒకప్పటి లీడరమ్మ ఇంటి అటక మీదో దుమ్ము పట్టిన ఆ పొడుగాటి పుస్తకాలకు ఇవాళ విలువ కట్టేది పాత పేపర్లు కొనేవాడొక్కడే. అతనికి అవి కిలోల లెక్క. తెలుగు పల్లెల్లో స్త్రీలు కూడి కూర్చుని, తమ పేరుతో, తమ నిర్ణయాలను తామే రాయించుకున్న చరిత్ర ఈ పుస్తకాల్లో ఉన్నంత పెద్ద ఎత్తున మరెక్కడా లేదన్నది మా అభిప్రాయం.

ఏదైనా ఒక పాత తీర్మానాల పుస్తకం తెరిచి చూడండి. ఈ దినం సంఘ సమావేశం ఫలానావారి ఇంటి వద్ద జరిగినది అంటూ ఇంచుమించు అన్నీ ఒకేలా మొదలవుతాయి. కింద హాజరు. తొలి పేజీల్లో వరసగా నీలం రంగు వేలిముద్రలు, ఒక్కో ముద్ర పక్కన పుస్తకం రాసే అమ్మాయి చేతిరాతలో పేరు. కొన్నాళ్ల పేజీలు తిప్పాక ఒకటి రెండు ముద్రలు పోయి వాటి చోట వంకరటింకర సంతకాలు వస్తాయి. అక్షరాస్యత శాతాలు చెప్పలేనిది ఆ సంతకం చెబుతుంది: ఫలానా మనిషి ఫలానా నెలలో తన పేరు రాయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అప్పులు. కూతురి కాన్పుకు, పాడి బర్రెకు, ఎరువుల బస్తాలకు, కొడుకు కాలేజీ ఫీజుకు. కిస్తీ ఎందుకు కట్టలేదో కూడా ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన సభ్యురాలికి వేసిన జరిమానా ఉంటుంది, ఆ జరిమానా మీద జరిగిన పేచీ కూడా ఒక్కోచోట దొరుకుతుంది. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లు శ్రుతిమించి, ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. దాని మీద నివేదికలకు కొదవ లేదు. కానీ ఆ ఏడాది ఒక వీధిలో ఎవరి కిస్తీ ఎవరు కట్టారో, ఎవరు ఊరు విడిచి వెళ్లారో తెలియాలంటే ఈ పుస్తకాలే దిక్కు.

ఈ రాత ఎక్కడినుంచి వచ్చిందో గుర్తు చేసుకోవాలి. నెల్లూరు జిల్లాలో 1991లో మొదలైన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం రాత్రిబడుల్లో వేలమంది ఆడవాళ్లను పలక ముందు కూర్చోబెట్టింది. వాచకంలోని పాఠాలు చదివి, చర్చించి, దూబగుంట స్త్రీలు 1992లో తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఏడాది తిరిగేసరికి, 1993 అక్టోబరు 1 నుంచి, రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిలితే ఏం చేయాలన్న ఆలోచనలోంచే ఆ జిల్లాలో రోజుకో రూపాయి దాచే పొదుపు ఉద్యమం ఊపందుకుంది. పత్రికలు రాశాయి, పరిశోధకులు వచ్చారు, నాయకులు ఫొటోలు దిగారు. దూబగుంట రోశమ్మ పేరు నిలిచింది. పక్కపక్క ఊళ్లలో కల్లాపి బకెట్లూ చీపుళ్లూ పట్టుకుని సారా వేలంపాటలను అడ్డుకున్న మిగతావాళ్లలో చాలామంది పేర్లు ఏ పత్రికకూ ఎక్కలేదు. రాత్రిబడి హాజరు పట్టీల్లో, తొలి పొదుపు పుస్తకాల్లో ఆ పేర్లు ఉండాలి, అవి మిగిలిన చోట.

కాగితం మిగలడం, మిగలకపోవడం ఎంత తేడా తెస్తుందో భండారు అచ్చమాంబ సంగతి చూస్తే చాలు. నాటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన ఈమె బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో ఇంట్లోనే చదువుకుని, వెయ్యేళ్ల భారత స్త్రీల చరిత్రను తెలుగులో రాయడానికి పూనుకుంది. 1905లో, ముప్పై ఏళ్లకే కన్నుమూసింది. 1902లో హిందూసుందరి పత్రికలో ఆమె కథ అచ్చయింది. అయినా 1910 నాటి గురజాడ కథనే తెలుగులో తొలి కథగా దశాబ్దాల తరబడి పిల్లలకు పాఠం చెప్పుకున్నాం. తొలి కథ ఏదన్న వాదులాట పండితులకు వదిలేద్దాం. అసలు ఆ వాదులాటకు ఆస్కారం దొరికింది ఎవరో కొందరు ఆ పాత సంచికలను కట్టలు కట్టి దాచబట్టి. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి ఊరి గ్రంథాలయాలు 1918 నుంచీ ఈ పని చేస్తూ రాకపోతే నాటి పత్రికల్లో చాలా వాటికి పేరు తప్ప ఆనవాలు మిగిలేది కాదు.

కాగితం లేనిచోట గొంతు మీద ఆధారపడాల్సి వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన, కబుర్లు మోసిన, దళాలకు అన్నం వండిపెట్టిన ఆడవాళ్ల కథలు పార్టీ పత్రాల్లోనూ పోలీసు ఫైళ్లలోనూ అరకొరగానే ఉంటే, హైదరాబాద్ మహిళా బృందం స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఊరూరా తిరిగి వాళ్ల మాటలను రికార్డు చేసి 1986లో పుస్తకంగా తెచ్చారు. అప్పటికి పోరాటం ముగిసి ముప్పై అయిదేళ్లు. ఇంకో పదేళ్లు ఆగి ఉంటే ఆ గొంతుల్లో ఎన్ని మిగిలేవి? సారా పోరాటానికి ఇప్పుడు ఇంచుమించు ఆ వయసే వచ్చింది.

సంఘం పుస్తకాలే కాదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలో బీడీ పాసుబుక్కులున్నాయి. ఆకు ఎంత ఇచ్చారు, తంబాకు ఎంత ఇచ్చారు, చుట్టిన బీడీల్లో ఎన్ని పనికిరావని తీసేశారు అన్న లెక్క అందులో ఉంటుంది. కడప, కోనసీమల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన తల్లులు రాసిన ఉత్తరాలు, మాటలు నింపి పంపిన క్యాసెట్లు ట్రంకుపెట్టెల అడుగున ఉన్నాయి. మంగళహారతులు, అప్పగింతల పాటలు రాసుకున్న నోటుపుస్తకాలు దాదాపు ప్రతి ఇంట్లో ఒకప్పుడు ఉండేవి, వెనక అట్ట మీద పాలవాడి లెక్కతో సహా. ఇంటి పెద్ద పోతే ఆస్తి కాగితాలు పంచుకుంటారు. ఇంటావిడ పోతే చీరలు పంచుకుంటారు, ఆ నోటుపుస్తకం చిత్తుకాగితాల్లో కలుస్తుంది. ప్రేమకొద్దీ కొందరు అలాంటి ఉత్తరాలను జిరాక్స్ షాపుకు తీసుకెళ్లి లామినేషన్ చేయిస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ వేడికి, జిగురుకు పాత కాగితం తొందరగా పాడవుతుంది, మళ్లీ విడదీయడానికి వీలుండదు. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేసి, శుభ్రమైన కాగితంలో చుట్టి, తడి తగలని చోట పెడితే చాలు. ఫొటో వెనక ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది మెత్తటి పెన్సిల్‌తో రాయాలి. పెన్ను వద్దు.

ఒక అభ్యంతరం న్యాయమైనదే. సంఘం పుస్తకంలో ఒక మనిషి అప్పు ఉంటుంది, ఇంటి గుట్టు ఉంటుంది. మొగుడు కొట్టాడని సంఘంలో చెప్పుకున్న మాట రేపు ఎవరో చదివితే ఎలా? అందుకే వీటిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టేయాలనే ఉత్సాహాన్ని మేము సమర్థించం. ముందు భద్రపరచాలి, ఎవరికి ఎప్పుడు చూపించాలన్నది ఆ సంఘమే తీర్మానించాలి. ముప్పై ఏళ్లపాటు తెరవకూడదని వాళ్లంటే అలాగే మూసి ఉంచాలి. పుస్తకం సంఘం సొత్తు. దాచే చోటు మాత్రమే ప్రభుత్వానిది.

ఆ చోటు కొత్తగా కట్టనవసరం లేదు. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వం, దాని కింది సంస్థల పత్రాల గురించే మాట్లాడుతుంది. పల్లె పొదుపు పుస్తకం దాని కంటికి ఆనదు. హైదరాబాద్‌లోని తెలంగాణ రాష్ట్ర పురాభిలేఖాలయం (పాత ప్రభుత్వ పత్రాలు దాచే ఆర్కైవ్స్) ఫర్మానాలకూ ఫైళ్లకూ అలవాటు పడ్డ సంస్థ. కానీ పాత జిల్లాల లెక్కన చూసినా ప్రతి జిల్లాకూ గ్రంథాలయ సంస్థ ఉంది. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మనందరం కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థలు దాన్ని సకాలంలో జమ చేయవన్న ఫిర్యాదు పాతదే, ఆ బకాయిలు రాబట్టడం సర్కారు పని. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో చెదలు పట్టని ఇనుప బీరువాలున్న ఒక గది, కాగితాలు విప్పి సర్దడం తెలిసిన ఒక మనిషి, వచ్చిన ప్రతి పుస్తకానికీ ఊరి పేరుతో రసీదు. అడుగుతున్నది ఇంతే. ముంబయిలో స్త్రీల గొంతులనూ ఫొటోలనూ దాచే స్పారో సంస్థ 1988లో ప్రభుత్వ సెస్సు ఏదీ లేకుండానే మొదలైంది.

పొదుపు సంఘాల బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థ సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) అధికారులు ఈలోగా చేయదగ్గ పని ఒకటుంది. లెక్కలు ఆన్‌లైన్‌కు ఎక్కించిన చోట పాత పుస్తకాలను తీసేయవద్దని మండల సమాఖ్యలకు రెండు రాష్ట్రాల్లోనూ ఒక సర్క్యులర్ పంపాలి. గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరుగుతాయి. వ్యాసరచన పోటీలు, సన్మానాలు, శాలువాలు మామూలే. వాటితోపాటు ఈసారి ఒక రోజు పొదుపు సంఘాలకు కేటాయించి, 2000కు ముందు నాటి పుస్తకాలున్న సంఘాలను పిలిచి, ఏ ఊళ్లో ఏం మిగిలిందో జాబితా రాసుకోవాలి. దూబగుంట ఉన్న జిల్లాతోనే మొదలుపెట్టవచ్చు.