లాయర్ని ఇచ్చేశాం సరే, భరణం అందిందా?

ఉచితంగా లాయర్ని ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ పనితీరు మీద మాట వచ్చినప్పుడల్లా రెండు లెక్కలే ముందుకొస్తాయి: ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎంతమందికి లాయర్ని ఇచ్చారు. గృహహింస బాధితురాలి విషయంలో ఈ లెక్క కోర్టు గుమ్మం దాకానే పనికొస్తుంది.

గుమ్మం దాకా పెద్ద చిక్కు లేదు. న్యాయసేవాధికార సంస్థల చట్టం (1987) 12వ సెక్షన్ కింద ఆడవాళ్ళకు ఆదాయ పరిమితి లేదు కాబట్టి రేషన్ కార్డు అడగాల్సిన పనే లేదు. 15100 న్యాయసహాయ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు, తెల్లకాగితం మీద రాసి ఇవ్వొచ్చు. లాయర్ని ఇచ్చేదీ లేనిదీ సంస్థ 7 రోజుల్లో చెప్పాలి. అత్తారిల్లు దర్శిలో, పుట్టిల్లు కావలిలో ఉంటే కావలిలోనే కేసు వేయొచ్చు.

కేసు ఆగేది నోటీసు దగ్గర. రక్షణ అధికారి (బాధితురాలికి సాయపడేందుకు ప్రభుత్వం నియమించే అధికారి) 2 రోజుల్లో నోటీసు అందించాలనీ, మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లోపే ఉండాలనీ, ఆ తర్వాత 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలనీ 2005 గృహహింస చట్టం చెబుతోంది. కానీ భర్త లారీ మీదో, రొయ్యల చెరువు కాపలాలోనో ఉంటాడు. ఇంటికి తాళం, నోటీసు వెనక్కి, మళ్ళీ వాయిదా. అర్జీలోనే అతను పనిచేసే చోటు, యజమాని ఫోన్ నెంబరు రాస్తే సగం తిప్పలు తప్పుతాయి. 23వ సెక్షన్ కింద అవతలివాళ్ళు రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. దానికి ఫారం 3 అఫిడవిట్ ఉండాలి. అర్జీతో పాటు అది వేయని లాయరు మొదటి వాయిదాను చేజేతులా పోగొట్టినట్టే. తాలూకా స్థాయిలోనూ రక్షణ అధికారుల్ని నియమించమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. అది ఊళ్ళో ఎంతవరకు అమలైందో సమీక్షలో మొదట అడగాలి.

అసలు పోరు ఆదాయం రుజువు మీద. ఆస్తులు, అప్పులు, రాబడి ఇద్దరూ అఫిడవిట్‌లో చూపాలన్నది 2020లో రజనేష్-నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఆ కాగితంలో "కూలి పని" అని రాసేసి చేతులు దులుపుకునే భర్తలు ఎక్కువ. లాయరు మొదటి రోజే ఆమెను అడగాల్సిన ప్రశ్నలున్నాయి: పొగాకు కాల్చే బ్యారన్ ఎవరి పేరున ఉంది (చాలాసార్లు మామ పేరునే), వేలం డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో పడుతుంది, చెరువు లీజు కాగితం ఎవరి దగ్గరుంది, బండి ఆర్‌సీ ఎవరిది? ఇవి లేకుంటే భరణం నామమాత్రంగా తేలుతుంది. ఉత్తర్వు వచ్చాక కూడా భర్త కట్టకపోతే గృహహింస చట్టం 20(6) సెక్షన్ ఉంది. అతని యజమాని నుంచే కాదు, అతనికి బాకీ ఉన్నవాళ్ళ నుంచి కూడా నేరుగా ఆమెకు ఇప్పించొచ్చు. రొయ్యలు కొన్న వ్యాపారి ఇంకా డబ్బివ్వాల్సి ఉంటే అతనూ అందులోకే వస్తాడు. ఈ మాట అర్జీల్లో అరుదుగా కనిపిస్తుంది.

ఇల్లు మామ పేరున ఉందని గెంటేయడం కుదరదని కూడా సుప్రీంకోర్టు 2020లోనే తేల్చేసింది.

అందుకే ఇచ్చిన లాయర్ల కేసులు ఎలా నడుస్తున్నాయో చూసే సంస్థ పర్యవేక్షణ కమిటీ రిజిస్టర్లో ప్రతి కేసుకూ నాలుగు తేదీలు ఉండాలి: అర్జీ ఇచ్చిన రోజు, కోర్టులో వేసిన రోజు, నోటీసు అందిన రోజు, మొదటి రూపాయి ఆమె ఖాతాలో పడిన రోజు. పక్కన ఇంకో గడి కూడా వేయాలి, లాయరు "ఖర్చులకు" అని ఏమైనా అడిగాడా అని. అడక్కూడదు. ఆ గడి నింపాల్సింది లాయరు కాదు, ఆమెకే ఫోన్ చేసి కనుక్కోవాలి.