సుగ్గి బండి కదలకముందే బడికి కబురందాలి

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో బడి మానేసే పిల్లల్ని హాజరుపట్టీలో వెతికితే అప్పటికే ఆలస్యమైనట్టు. పత్తి తీతకో, మిరప కోతకో గుంటూరు వైపు సుగ్గికి, అంటే కోతకాలపు వలస కూలికి, పోయే ఇల్లు, ఆ సంగతి దసరా నాటికే తేల్చుకుంటుంది. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర ఎవరు అడ్వాన్సు తీసుకున్నారో వీధి వీధంతా ఎరుగును, ఒక్క బడి తప్ప. కూలి కిలోల లెక్కన కాబట్టి పిల్లల చేతులూ కలిసొస్తాయి. బడికెళ్లే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం కింద 2025లో తల్లుల ఖాతాల్లో ఒక్కో బిడ్డకు రూ.13,000 చొప్పున పడింది జూన్‌లో. ఇంట్లో చేతులు ఖాళీ అయ్యేది దసరాకి.

వీళ్ల పిల్లల కోసమే సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద సీజనల్ హాస్టళ్లున్నాయి. అమ్మానాన్నలు వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవచ్చు. దెబ్బతినేది తేదీ దగ్గర. మంజూరుకు జాబితా కావాలి, జాబితాకు వలస కనబడాలి, అది కనబడేసరికి ఇంటికి తాళం. ఈ చిక్కుముడి విప్పగలిగేది పొదుపు సంఘాలే. సెప్టెంబరు సమావేశంలో ఈ ఏడు ఎవరు వెళ్తున్నారు, ఏ ఊరికి, పిల్లలు ఎవరి దగ్గర అని రాసుకోవాలి. పదిమంది సంఘానికి పది నిమిషాల పని. ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య ఆ కాగితాన్ని ప్రధానోపాధ్యాయుడికి (హెచ్‌ఎం), హెచ్‌ఎం మండల విద్యాధికారికి (ఎంఈఓ) దసరా సెలవుల్లోపే చేర్చాలి. అవ్వ దగ్గర ఉండగలిగిన పిల్లలకు హాస్టల్ అక్కర్లేదు, వారానికోసారి ఇంటికెళ్లి చూసే మనిషి చాలు.

ఆడపిల్లల లెక్క వేరు. చంటిబిడ్డను ఆడించడానికి అక్కను వెంట తీసుకుపోతారు. అంగన్‌వాడీ బడి మూడేళ్లు నిండినవాళ్లకే. అంతకన్నా చిన్నవాళ్లను పగలంతా చూసుకునే చోటు లేనప్పుడు, అక్కకు హాస్టల్లో సీటు చూపించినా తల్లి ఒప్పుకోదు.

వెంట వెళ్లే పిల్లలకు అక్కడి బడిలో చోటు దొరకాలి. టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం చెల్లదు. కానీ ఆన్‌లైన్‌లో పాత బడి పేరు వదలకపోతే కొత్త బడిలో నమోదు ఆగుతుంది. పాత బడి వదిలి, కొత్త బడి తీసుకోకపోతే ఆ పేరు ఏ బడికీ చెందని పేర్లుండే ఆన్‌లైన్ జాబితాలో, డ్రాప్‌బాక్స్‌లో, పడి ఉంటుంది. బండి ఏ ఊరికి పోతుందో మేస్త్రీని అడిగితే, ఇద్దరు హెచ్‌ఎంల మధ్య ఒక ఫోనుతో తేలే పని ఇది.

బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలని అదే చట్టం చెబుతోంది. సుగ్గికి పోయేవాళ్లు అందులో ఎందరు? ఉన్నా, చలికాలపు సమావేశాలకు వాళ్లు ఊళ్లో ఉండరు. అందుకే ఏడాదిలో అసలైన సమావేశం సెప్టెంబరుదే.