చవక ఫోన్ల తప్పులన్నీ చిన్న ఫోన్ల మీద వేయకండి

"తక్కువ ధరలో చిన్న సైజు ఫోను కొంటే డబ్బు దండగే" అనే సందేశం చాన్నాళ్ళుగా ఒకరి నుంచి ఒకరికి చేరుతోంది. అందులో చూపించే కారణాలు ఇవి: బ్యాటరీ పూటైనా రాదు, ఫోను ఊరికే హ్యాంగ్ అవుతుంది, ఫోటోలు పనికిరావు, చిన్న తెర చూసి చూసి కళ్ళు పాడవుతాయి, అప్‌డేట్లు త్వరగా ఆగిపోతాయి, అసలు బాగుంటే కంపెనీలే వాటిని ఎందుకు మానేస్తాయి? పైపైన చదివితే సబబుగానే అనిపిస్తుంది. విడివిడిగా చూస్తే మాత్రం ఇందులో చాలా భాగం చవక ఫోన్లన్నిటికీ ఉన్న లోపాలే. అవి పెద్ద ఫోనులో ఉన్నా లోపాలే. చిన్న ఫోనుకు మాత్రమే ఉన్న అసలు ఇబ్బందులను ఆ సందేశం సరిగ్గా పట్టుకోనే లేదు.

ముందుగా ఏది చిన్న ఫోనో తేల్చుకుందాం. తెరను అంగుళాల్లో చెప్పేటప్పుడు మూల నుంచి మూలకు కొలుస్తారు. పాత తెరల పొడవు, వెడల్పు 16:9 నిష్పత్తిలో ఉండేవి. ఇప్పటివి 19.5:9, 20:9 అంటూ నిలువుగా సాగాయి. అందుకే 5.5 అంగుళాల పాత తెర వెడల్పు సుమారు 68 మిల్లీమీటర్లు ఉంటే, 6.1 అంగుళాల కొత్త తెర వెడల్పు సుమారు 65 మాత్రమే. అంగుళాలు పెరిగాయి, వెడల్పు తగ్గింది. ఒంటిచేత్తో పట్టుకున్నప్పుడు బొటనవేలు అవతలి అంచుకు అందాలంటే వెడల్పే ముఖ్యం. నా లెక్కలో 70 మిల్లీమీటర్ల లోపు వెడల్పు, 150 గ్రాముల లోపు బరువు ఉన్నది చిన్న ఫోను. 2020లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 4ఏ అలాంటిది: 69.4 మిల్లీమీటర్లు, 143 గ్రాములు.

ఇక బ్యాటరీ. సైజు గురించి సందేశంలో కాస్త నిజం ఉన్న మాట ఇది కాబట్టి దీన్ని జాగ్రత్తగా చూడాలి. పిక్సెల్ 4ఏ బ్యాటరీ 3140 ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే కొలత). పెద్ద చవక ఫోన్లలో 5000 మామూలైపోయింది. చిన్న తెర కరెంటు తక్కువ తింటుంది కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, పిక్సెల్ 4ఏలోని 5.8 అంగుళాల తెర వైశాల్యం 6.7 అంగుళాల తెరకన్నా దాదాపు పావు వంతు తక్కువ. ఒకే రకం తెర, ఒకే వెలుతురు అనుకుంటే ఖర్చూ దాదాపు అంతే తగ్గుతుంది. కానీ బ్యాటరీ తగ్గింది మూడో వంతుకు పైగా. పైగా సిగ్నల్‌కీ, ప్రాసెసర్‌కీ అయ్యే ఖర్చు తెర చిన్నదైనంత మాత్రాన తగ్గదు. కాబట్టి చిన్న ఫోనులో ఛార్జింగ్ ముందుగా అయిపోతుందని ఒప్పుకోవాల్సిందే. "పూటైనా రాదు" అనేది మాత్రం అన్ని చిన్న ఫోన్లకూ వర్తించే మాట కాదు. 2016లో వచ్చిన రెడ్‌మీ 3ఎస్ చూడండి. చవక ఫోనే, 5 అంగుళాల తెరే, 144 గ్రాముల బరువే. అయినా బ్యాటరీ 4100 ఎంఏహెచ్. మందం 8.5 మిల్లీమీటర్లు, చేతికి ఏమాత్రం అడ్డం కాదు. తయారుచేసేవాళ్ళు తలుచుకుంటే చిన్న ఫోనులోనూ మంచి బ్యాటరీ పడుతుందని చెప్పడానికి అదొక్కటి చాలు.

అసలు బాధ వేరే ఉంది. చిన్న బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. ఇది మొదటి రోజు తెలియదు, కొన్నాక తెలుస్తుంది. రోజుకు 2500 ఎంఏహెచ్ వాడుతున్నామనుకోండి. బ్యాటరీ సామర్థ్యమంత ఛార్జి వాడితే ఒక సైకిల్ అంటారు. 5000 బ్యాటరీకి అది అర సైకిల్, 3140 బ్యాటరీకి దాదాపు 0.8 సైకిల్. ఐఫోన్ 14, అంతకు ముందు ఫోన్ల గురించి యాపిల్ చెప్పే లెక్క ప్రకారం 500 పూర్తి సైకిళ్ళ తర్వాత కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగిలేలా వాటిని తయారుచేశారు. అదే కొలబద్ద ఇక్కడ పెడితే పెద్ద బ్యాటరీ ఆ మెట్టుకు చేరడానికి 1000 రోజులు, చిన్నది చేరడానికి 630 రోజుల లోపే. చిన్న తెర చేసే ఆదా వల్ల ఈ తేడా కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే చిన్న ఫోను కొనేవారు ముందే కనుక్కోవాల్సింది దాని బ్యాటరీ మార్పించుకోవడానికి దొరుకుతుందా, మార్చడం ఎంత సులువు అని. భయపెట్టే బదులు ఈ మాట చెప్పి ఉంటే ఆ సందేశం పదిమందికి ఉపయోగపడేది.

"హ్యాంగ్ అవుతుంది" అన్నదానికి సైజుతో సంబంధం లేదు. 2020 ఐఫోన్ ఎస్ఈ తెర 4.7 అంగుళాలే, దానిలోని ఏ13 చిప్ మాత్రం 6.1 అంగుళాల ఐఫోన్ 11లో ఉన్నదే. చవక ఫోను నెమ్మదించడానికి ప్రధాన కారణాలు చాలని ర్యామ్, బలం లేని చిప్, పాత రకం స్టోరేజ్. ఈఎంఎంసీ అనే పాత రకం స్టోరేజ్ ఒక సమయంలో చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. యూఎఫ్ఎస్ అనే కొత్త రకం రెండూ ఒకేసారి చేస్తుంది. వెనకాల యాప్‌లు అప్‌డేట్ అవుతుంటే ముందున్న యాప్ మొరాయించడంలో ఈ తేడా కనిపిస్తుంది. ఇక "ర్యామ్ పెంచుకోవచ్చు" అంటూ గొప్పగా చూపే అంకె నిజానికి స్టోరేజ్‌లో కొంత ముక్కను ర్యామ్‌లా వాడుకోవడమే. స్టోరేజే నెమ్మదిగా ఉంటే దానివల్ల వేగం రాదు. 6.7 అంగుళాల ఫోనులో ఈఎంఎంసీ ఉంటే అదీ ఇలాగే మొరాయిస్తుంది. పిక్సెల్ 4ఏలో 6 జీబీ ర్యామ్, యూఎఫ్ఎస్ 2.1 ఉన్నాయి. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి: గంటలకొద్దీ ఆటలు ఆడితే చిన్న ఫోను త్వరగా వేడెక్కుతుంది. వేడి పరుచుకోవడానికి చోటు తక్కువ కాబట్టి చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆటలే ముఖ్యమైనవారికి నేను చిన్న ఫోను చెప్పను.

ఫోటోల సంగతి త్వరగా తేల్చేయవచ్చు. చవక ఫోన్లలో వాడే కెమెరా సెన్సర్‌కు వెడల్పైన ఫోను అక్కర్లేదు. పెద్ద చవక ఫోన్ల వెనక మూడు నాలుగు కళ్ళు కనిపిస్తాయి గానీ వాటిలో 2 మెగాపిక్సెళ్ళ మాక్రో (బాగా దగ్గరి ఫోటోలకు), డెప్త్ (దూరం అంచనాకు) కెమెరాలు చాలావరకు లెక్క పెంచడానికే. పిక్సెల్ 4ఏకు వెనక ఉన్నది ఒకే ఒక్క 12.2 మెగాపిక్సెళ్ళ కెమెరా. చేయి వణికినా ఫోటో చెదరకుండా చూసే ఓఐఎస్ అందులో ఉంది.

కళ్ళ విషయంలో ఆ సందేశం చేసేది అనవసరమైన బెదిరింపు. తెర వల్ల కళ్ళు అలసిపోవచ్చు, పొడిబారవచ్చు. తెర చూసేటప్పుడు రెప్ప వేయడం తగ్గుతుంది కాబట్టి అలా జరుగుతుంది. అది శాశ్వతంగా కళ్ళను దెబ్బతీయదని అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆప్తాల్మాలజీ చెబుతోంది. అక్షరాల స్పష్టత చూసినా, 5 అంగుళాల 720×1280 తెరలో అంగుళానికి 294 పిక్సెళ్ళు ఉంటే, చవక పెద్ద ఫోన్లలో కనిపించే 6.7 అంగుళాల 720×1600 తెరలో 262 మాత్రమే. నలభై దాటి దగ్గరి చూపు తగ్గినవారి సంగతి వేరు. అక్షరాలు పెంచుకుంటే చిన్న తెర మీద నాలుగు వాక్యాలు కూడా పట్టవు. వారికి పెద్ద ఫోనే హాయి. మీ అమ్మగారికో నాన్నగారికో కొంటుంటే నా మాట కూడా పక్కన పెట్టి, వారి చేతికిచ్చి చదివించి చూడండి.

అప్‌డేట్లు ఇచ్చేది కంపెనీ, తెర కాదు. 2016 మార్చిలో వచ్చిన 4 అంగుళాల ఐఫోన్ ఎస్ఈకి 2021లో ఐఓఎస్ 15 కూడా అందింది. అన్నేళ్ళ పాటు కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లు అందుకున్న పెద్ద చవక ఫోను నాకైతే కనబడలేదు.

చివరిది, "బాగుంటే ఎందుకు మానేశారు?" మానేసిన మాట వాస్తవమే. ఐఫోన్లలో చిన్నదైన మినీ 2021లో ఐఫోన్ 13తో ఆగింది. 2025లో ఐఫోన్ ఎస్ఈ స్థానంలో వచ్చిన ఐఫోన్ 16ఈ తెర 6.1 అంగుళాలు. వీడియోలు చూసేవారు పెద్ద తెర అడుగుతారు. ఒకే సైజు తెరలను పెద్ద మొత్తంలో కొంటే కంపెనీకి చవక. చిన్న పెట్టెలో అన్నీ ఇరికించడం కష్టం. ఇవన్నీ అమ్మేవారి లెక్కలు. చిన్న ఫోను సరిగా పనిచేయదని వీటిలో ఏదీ రుజువు చేయదు. కానీ కొనేవారికి దీనివల్ల ఒక చిక్కు వచ్చింది: కొత్తవి దొరక్క చాలామంది పాత మోడళ్ళ వైపు చూస్తున్నారు. నేను పైన మెచ్చుకున్న పిక్సెల్ 4ఏకు మామూలు భద్రతా అప్‌డేట్లు 2023లోనే ఆగిపోయాయి. 2025 జనవరిలో గూగుల్ ఇచ్చిన ఒక అప్‌డేట్ కొన్ని 4ఏ ఫోన్లలో వాడుకోగలిగే బ్యాటరీ సామర్థ్యాన్నే తగ్గించింది. చిన్న ఫోను మీద ఇష్టంతో ఇప్పుడు అలాంటిది సెకండ్‌హ్యాండ్‌లో కొంటే పాటలకో ఫోటోలకో వాడుకోండి. బ్యాంకు లావాదేవీలకు మాత్రం అప్‌డేట్లు ఇంకా అందుతున్న ఫోనే వాడండి.