హైబ్రిడ్ పద్ధతి గారికి, మడికొండ నుంచి

మార్పులకు తగ్గట్టు చిన్న విడతల్లో సాగే ఎజైల్‌నీ, ముందే ప్లాను బిగించే స్టాండర్డ్‌నీ కలిపి మా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును నడిపిస్తున్న మహారాజశ్రీ హైబ్రిడ్ పద్ధతి గారికి నమస్కారాలు.

నిన్న మధ్యాహ్నమంతా నన్ను పని చేయనివ్వకుండా కాపాడినందుకు ముందుగా ధన్యవాదాలు. అన్నం తిని ఫారం ముందు కూర్చున్నవాణ్ని, లేచేసరికి దీపాలు పెట్టారు.

జరిగింది చిన్న విషయమే. ఏనుమాముల మార్కెట్లో మిర్చి కొనే సేటు ఫోన్ చేసి, "సారూ, గేట్‌పాస్‌ల బస్తాల లెక్క పక్కన తూకం గూడ కనపడాలె" అన్నాడు. తూకం డేటాబేస్‌లో ఎప్పట్నుంచో ఉంది. తెర మీద చూపిస్తే చాలు, పది నిమిషాల పని. 2001లో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో 17 మంది కూర్చుని తెచ్చిన ఎజైల్ మ్యానిఫెస్టో సూత్రాల్లో, మార్పు ఆఖర్లో వచ్చినా స్వాగతించమనే ఉంది కదా! స్వాగతించాను. అంతలో మీరు వచ్చారు: "ఛేంజ్ రిక్వెస్ట్ ఏది?"

అంటే మార్పుకు అనుమతి అడిగే ఫారం. అందులో గడులు: ప్రభావం, రిస్కు, ఖర్చు, ప్రత్యామ్నాయాలు. "మార్పు చేయకపోతే కలిగే నష్టం" అన్న గడిలో "సేటు తిడతాడు" అని రాశాను. ప్రొఫెషనల్‌గా లేదని వెనక్కొచ్చింది. "స్టేక్‌హోల్డర్ అసంతృప్తి" అని రాస్తే ఆమోదం దొరికింది. (ప్రాజెక్టుతో సంబంధమున్న ఎవరైనా స్టేక్‌హోల్డరేనట.) ఆమోదించిన కంట్రోల్ బోర్డు ఎవరంటారా? నా పక్క కుర్చీలోని టీమ్ లీడ్, ఆయన పక్కనున్న మేనేజరు. మెయిల్‌లో సంతకాలు పెట్టుకున్నారు.

ఇంతా చేస్తే, ఫారంలో అడుగున ఒక గడి ముందే నింపి ఉంది. "గడువులో మార్పు: లేదు." బేస్‌లైన్, అంటే ముందే ఖాయం చేసిన ప్లాను, కదలదట! మార్పును ఆహ్వానించేది ఎజైల్ పేరుతో, తేదీని బిగించేది స్టాండర్డ్ పేరుతో. అత్తింటి ఆచారాలు, పుట్టింటి ఆచారాలు రెండూ కోడలి నెత్తినే రుద్దినట్టుంది.

పెద్దవాళ్లను అనడానికి లేదు. ప్రాజెక్టు నిర్వహణకు స్టాండర్డ్‌లు రాసే పీఎంఐ సంస్థ 2017లో తన పీఎంబాక్ గైడ్ ఆరో ఎడిషన్‌తో పాటే, ఎజైల్ వాళ్ల సంఘమైన ఎజైల్ అలయెన్స్‌తో కలిసి ఎజైల్ ప్రాక్టీస్ గైడ్ కూడా తెచ్చింది. 2021 నాటి ఏడో ఎడిషన్‌ని 12 సూత్రాల మీద నిలబెట్టింది. ప్రాజెక్టును బట్టి పద్ధతిని కత్తిరించి కుట్టుకోమనీ చెప్పింది. స్టాండర్డ్ వాళ్లకూ ఎజైల్ వాళ్లకూ ఎప్పుడో రాజీ కుదిరింది. మీరు మాత్రం ఆ కత్తెర మా సాయంత్రాల మీద వేశారు.

నిలబడే ముగించాల్సిన 15 నిమిషాల రోజువారీ మీటింగు, ఆ స్టాండప్‌లో అందరం కుర్చీలేసుకుని కూర్చోవడం గురించి నేను మాట్లాడను. అక్కడ "ఎంత పర్సెంట్ అయింది?" అని అడిగి, ఏ పని ఎప్పటికి అవ్వాలో గీసిన గాంట్ చార్ట్‌లో రంగు నింపుకోవడం గురించి కూడా మాట్లాడను. అయిన పనిలో మంచిచెడ్డలు చెప్పుకునే రెట్రోస్పెక్టివ్‌లో మేం చెప్పినవన్నీ ఏ ఎక్సెల్ షీటులో సమాధి అయ్యాయో మీకే తెలియాలి.

కానీ ఆ గడి సంగతి తేలాలి. ఫారం ఉంచుతారా, గడువు జరపండి. గడువు జరపరా, ఫారం తీసెయ్యండి. రెండూ మా నెత్తినే అంటారా, ఈ శనివారం నేను రాను. దానికి ఏ ఫారం నింపాలో అడగను కూడా అడగను.

ఇట్లు,
మీ అసంతృప్త స్టేక్‌హోల్డర్