తిట్టడానికీ విభక్తి తప్పకూడదట!

జర్మనీ ప్రయాణం కట్టిన తెలుగువాళ్లు చాలామంది "నిష్ట్ గూట్" అనే రెండు ముక్కలు పట్టుకుని విమానమెక్కేస్తున్నారు. "బాగాలేదు" అని దానర్థం. దాంతో ఏడాదంతా నెట్టుకు రావాలనుకోవడం ఒక్క చీపురుపుల్లతో పెళ్లిపందిరి ఊడ్చడమే. తప్పుపట్టే క్రియల్లో జర్మన్ మనకేం తీసిపోదు. చిక్కల్లా వాటి వ్యాకరణంతోనే.

మన దగ్గర సాంబారులో ఉప్పెక్కువైతే సాంబారునే అనాలన్న నిబంధన లేదు. వండినవాళ్లను, వాళ్ల పెంపకాన్ని, ఓపికుంటే పుట్టినూరిని కూడా కలిపి అనొచ్చు. 'బెమెంగెల్న్', 'బెఆన్‌ష్టాండెన్' అనే క్రియలు ఈ జన్మహక్కును నిర్దాక్షిణ్యంగా లాగేసుకున్నాయి. వీటికి కర్మగా వస్తువో పనో రావాలి తప్ప మనిషి రాకూడదు. సూపులో లోపం ఎంచవచ్చు, వంటవాణ్ని ఎంచితే వాక్యం చెల్లదు. మనిషే కావాలంటే 'టాడెల్న్' (మందలించు) ఉంది. ఇంకాస్త అధికార దర్పం కావాలంటే 'ర్యూగెన్'. జర్మన్ ప్రెస్ కౌన్సిల్ పత్రికలకు వేసే అక్షింతల పేరు 'ర్యూగె'యే.

'ఫోర్‌వెర్ఫెన్' (నిందించు) దగ్గర మాత్రం తెలుగువాడికి కాస్త న్యాయం జరిగింది. మనం ఒకణ్ని తిడతాం, ఒకడికి చీవాట్లు పెడతాం. మొదటిదానికి ద్వితీయలోని 'ని', రెండోదానికి షష్ఠిలోని 'కి'. అక్కడా అంతే: 'క్రిటిజీరెన్' (విమర్శించు), 'టాడెల్న్' అయితే మనిషి అకుజాటివ్‌లో (మన 'ని' లాంటిది), 'ఫోర్‌వెర్ఫెన్' అయితే మనిషి డాటివ్‌లో (మన 'కి' లాంటిది), అతని నేరం అకుజాటివ్‌లో. ఈ క్రియకు పశువు ముందు మేత పడేయడమనే అర్థం కూడా ఉంది కాబట్టి, 'డీర్' (నీకు) అనాల్సినచోట 'డిష్' (నిన్ను) అన్నారంటే ఎదుటివాణ్నే మేతగా వేసినట్టు. పైగా 'ఫోర్' విడిపోయి వాక్యం తోకకు చేరుతుంది: "ఇష్ వెర్ఫె ఈనెన్ ఈరె ఉన్‌ప్యుంక్ట్‌లిష్‌కైట్ ఫోర్." మీకు సమయపాలన లేదని నిందించే వాక్యంలో అసలు ముక్కే అందరికంటే ఆలస్యంగా వస్తుందన్నమాట.

ఒకరికి తలంటడాన్ని కూడా వాళ్లు "ఇమాండెం డెన్ కొప్ఫ్ వాషెన్" అనే అంటారు. ఒకరికి తల కడగడం! ఇక్కడా మనిషికి డాటివే. కుంకుడుకాయల ప్రస్తావన మాత్రం లేదు.

విభక్తులు గట్టెక్కితే ప్రిపోజిషన్లు కాచుకుని ఉంటాయి. 'షింప్‌ఫెన్' (తిట్టు)కు 'మిట్' తగిలిస్తే పిల్లవాణ్ని ఎదురుగా నిలబెట్టి కేకలేయడం, 'ఆవుఫ్' తగిలిస్తే ప్రభుత్వాన్ని అరుగుమీద కూర్చుని తిట్టడం. వంకలు పెట్టే 'న్యోర్గెల్న్'కు 'ఆన్', డాటివ్. సణిగే 'మెకెర్న్'కు 'యూబర్', అకుజాటివ్. 'మెకెర్న్' నిజానికి మేక అరుపు. ఫిర్యాదు చేయాలంటే 'జిష్ బెష్వేరెన్'. ఎవరి దగ్గర అన్నదానికి 'బై', దేని గురించి అన్నదానికి 'యూబర్'. ఇందులో 'జిష్' మింగేసి "ఇష్ బెష్వేరె డెన్ ఫెర్‌మీటర్" అంటే ఇంటి ఓనరు మీద బరువు పెడుతున్నానని అర్థం. అద్దెలు చూస్తే బరువు ఎవరి మీదుందో తెలుస్తూనే ఉంది.

జరిగిపోయిన తిట్టుకు అలవాటుకొద్దీ క్రియ ముందు భూతకాలపు 'గె' అంటించకండి. గెమెకెర్ట్, గెటాడెల్ట్ సరే. క్రిటిజీర్ట్, బెమెంగెల్ట్, మిస్‌బిల్లిగ్ట్ (సమ్మతించకపోవడం) మాత్రం 'గె' ఒప్పుకోవు.

ఆఫీసులో ఒక్క ఉపసర్గ మారితే ఉద్యోగానికే ఎసరు. 'ఎర్‌మానెన్' అంటే ఊరికే హెచ్చరించడం. 'అబ్‌మానెన్' అయితే ఏ తేదీన ఏం తప్పు చేశారో, మళ్లీ చేస్తే ఉద్యోగం ఊడుతుందని ఉండే పత్రం చేతికొస్తుంది. రెండూ ఒకటేననుకుని నవ్వుతూ థాంక్యూ చెప్పకండి.

ఇంత సామగ్రి ఉన్న జాతి మెచ్చుకోవడానికి ఏం వాడుతుందయ్యా అంటే, అదీ తిట్ల క్రియే. "డా కన్ మన్ నిష్ట్ మెకెర్న్", అంటే సణగడానికేం లేదు అని ఓ బెర్లినువాడు అన్నాడంటే పొంగిపోవచ్చు. తిట్లు మాత్రం పొగడ్తల బట్టలేసుకుని వస్తాయి. మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్టు ఉద్యోగి పట్ల సద్భావంతో ఉండాలన్నది అక్కడి నియమం కాబట్టి, పైన చెప్పిన క్రియల్లో ఒక్కటీ అందులో కనబడదు. "హాట్ జిష్ ష్టేట్స్ బెమ్యూట్", అంటే ఎల్లవేళలా ప్రయత్నించారు అని మాత్రం ఉంటుంది. ఒక్క పనీ అవ్వలేదని దానర్థం. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేముందు ఎవరైనా జర్మన్ చేత ఓసారి చదివించుకోండి.