చైన్ మార్చే ముందు టేపు పెట్టి కొలవండి, మీకు దణ్ణం పెడతా

ఇప్పుడే సైకిల్ షాపు నుంచి వచ్చాను, ఇంకా ఒళ్ళు మండిపోతోంది. నాది గేర్ సైకిల్. మా విశాఖలో హనుమంతవాక దాటి ఎండాడ ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే చాలు, చైన్ టక్కుమని పళ్ళ మీంచి ఎగిరిపోతోంది. అదీ వెనకాల నడిమి గేర్లలోనే. ఇంత వివరంగా చెప్పినా ఆ షాపు కుర్రాడు వెనక చక్రం ఎత్తి పెడల్ కూడా తిప్పి చూడలేదు. "చైన్ పోయింది సార్" అన్నాడు, కొత్తది వేశాడు, డబ్బులు తీసుకున్నాడు. షాపు ముందే తొక్కి చూస్తే ఇప్పుడు మెల్లగా తొక్కినా జారుతోంది! అడిగితే "క్యాసెట్ కూడా మార్చాలి సార్, అయినా ఇది పాత మోడల్, కొత్త సైకిల్ తీసేసుకోండి" అంటాడు. క్యాసెట్ అంటే వెనక చక్రానికుండే పళ్ళ చక్రాల సెట్టు. ఆ ముక్క చైన్ విప్పకముందు చెప్పడానికి నోరు రాలేదా?

మన రోడ్ల మీద తిరిగే సైకిళ్ళన్నిటికీ చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య అరంగుళమే. 24 లింకులకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. వడ్రంగి దగ్గర ఉండే స్టీలు టేపు చాలు. పిన్నులు అరిగేకొద్దీ ప్రతి లింకు దగ్గరా సందు పెరిగి చైన్ పొడుగవుతుంది. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైన్ ఒక్కటీ మారిస్తే సాధారణంగా సరిపోతుంది. ఎనిమిదో వంతు పెరిగే దాకా వదిలేస్తే ఆ చైన్ వెనక పళ్ళను కూడా తన కొలతకే అరగదీసేస్తుంది. అలాంటి పళ్ళ మీద కొత్త చైన్ కూర్చోదు, కాలి బలం పడగానే పైకెక్కి దూకుతుంది. రెండు నిమిషాల కొలత. అదే చెయ్యలేదు.

పైగా జారే ప్రతి చైనూ అరిగిన చైన్ కాదు. అన్ని గేర్లలోనూ ఉండుండి ఒకేలా టక్కుమంటుంటే ఎక్కడో ఒక లింకు బిగుసుకుపోయినట్టు. పెడల్ వెనక్కి తిప్పుతూ చూస్తే వంపు తిరగని లింకు కనపడిపోతుంది. దాన్ని చేత్తో అటూ ఇటూ పక్కలకి వంచి చుక్క నూనె వేస్తే చాలాసార్లు వదులవుతుంది. సైకిల్ కుడివైపు పడిన దగ్గర్నుంచీ జారుతుంటే గేరు వేలాడే కొక్కెం వంగి ఉండొచ్చు. కేబుల్ వదులైతే వెనక గేరు దగ్గరున్న మర కొద్దిగా తిప్పి సరిచేస్తారు. వీటిలో ఏదీ చూడకుండా నేరుగా బిల్లు రాసేవాణ్ణి మెకానిక్ అని ఎలా అంటాం?

నా సంగతి వదిలేయండి, నేను ఎక్సర్‌సైజుకి తొక్కేవాణ్ణి. పాల క్యాన్లు కట్టుకుని హైవే మీద తొక్కే మనిషి సంగతేంటి? నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్ళే వాచ్‌మన్ సంగతేంటి? నిలబడి తొక్కుతుండగా చైన్ జారితే కాలు కిందికి జారి ఛాతీ హ్యాండిల్‌కి గుద్దుకుంటుంది. వెనక లారీ. అలాంటి వాళ్ళ సైకిళ్ళకి గేర్లు కూడా ఉండవు. చాలాసార్లు చైన్ వదులవడమే రోగం. వెనక చక్రం నట్లు వదులు చేసి, చక్రాన్ని కాస్త వెనక్కి లాగి, చైన్ మధ్యలో అరంగుళం ఆట ఉండేలా బిగిస్తే అయిపోయె. పానా ఒక్కటి చాలు. కానీ ఆ పానా పట్టుకునే మనిషి ఎక్కడున్నాడు ఇప్పుడు?

వాళ్ళని లేకుండా చేసింది మనమే. ప్రతి సెంటర్లో చెట్టు కింద ఒక బాబాయ్ ఉండేవాడు, పంపు, నీళ్ళ బేసిను, పాత ట్యూబులు పెట్టుకుని. చక్రం ఒక్క తిప్పు తిప్పి, చప్పుడు విని రోగం చెప్పేవాడు. రోడ్డు వెడల్పు చేస్తాం, అందంగా చేస్తాం అంటూ ముందు ఆయన్నే లేపేశారు. ఒక్కరైనా అడిగామా? ఆయన ముప్ఫై రూపాయలంటే ఇరవైకి బేరమాడిన వాళ్ళమే, ఏసీ షాపులో వేలకు వేలు నోరెత్తకుండా కట్టి వస్తున్నాం. ఆయన కొడుకు ఆ పని ఎందుకు నేర్చుకుంటాడు చెప్పండి?

మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ వైపు ఇంకా పానా పట్టుకుని కూర్చునే మెకానిక్ ఉంటే ఏ సెంటరో కామెంట్లో రాయండి. క్యాసెట్ పని ఆయనకే ఇస్తాను, అడిగినంత ఇస్తాను.